'ఏప్రిల్' చూశాక నీకే రాయాలనిపించింది

ఏమే డాక్టరమ్మా,

ఎలా ఉన్నావు? కొత్త డాక్టరు వచ్చి చేరిందా, లేక ఇంకా ఇద్దరి డ్యూటీ నువ్వొక్కదానివే లాక్కొస్తున్నావా? అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? ఫోన్ చేస్తే నాలుగు మాటలు కాగానే "కాన్పు కేసు వచ్చిందే, పెట్టేస్తున్నా" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. తీరిక చూసుకుని చదువు, చాలా ఉంది చెప్పడానికి.

ఈమధ్య ఒక జార్జియా సినిమా చూశాను. అమెరికాలోని జార్జియా కాదు, కాకసస్ కొండల దగ్గర టర్కీకీ రష్యాకీ మధ్యలో ఉన్న దేశం. సినిమా పేరు 'ఏప్రిల్'. తీసింది దేయా కులుంబెగష్విలి అనే ఆవిడ. 2024లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో స్పెషల్ జ్యూరీ ప్రైజ్ వచ్చింది దీనికి. కథ మాత్రం అచ్చం నీలాంటి డాక్టరుది. చూస్తున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు.

డాక్టరు పేరు నీనా. పల్లెల మధ్య ఉన్న ఒక ఆసుపత్రిలో కాన్పులు చేస్తుంది. ఒకరోజు ఆమె చేతుల్లోనే ఒక బిడ్డ పోతుంది. తండ్రి ఊరుకోడు, విచారణ జరగాలంటాడు. అంతవరకే అయితే ఆసుపత్రి గొడవ. కానీ నీనా ఊళ్లకు వెళ్లి గుట్టుగా అబార్షన్లు చేస్తోందన్న మాట అప్పటికే చుట్టుపక్కల నలుగుతోంది. విచారణ మొదలైతే ఆ తీగ కూడా కదులుతుంది. ఆ సంగతి నీనాకు తెలుసు. తెలిసీ మళ్లీ కారు తీసుకుని ఊళ్లమీదకు బయల్దేరుతుంది.

ఇక్కడ నీకు అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. అక్కడ అబార్షన్ నేరమా? కాదే! జార్జియాలో 12 వారాల దాకా చట్టమే ఒప్పుకుంటుంది. మరి ఆ ఆడవాళ్లు ఆసుపత్రికి ఎందుకు రారు? వస్తే ఊరంతా తెలుస్తుంది. మొగుడికి తెలుస్తుంది, మొగుడికంటే ముందు అత్తగారికి తెలుస్తుంది. దానికి తోడు చర్చి మాటకు అక్కడ ఎంత బరువో చెప్పలేను. దశాబ్దాల పాటు వాళ్ల చర్చికి పెద్ద మతగురువుగా ఉన్న పాట్రియార్క్ రెండో ఇలియా, ఒక ఇంట్లో మూడో బిడ్డ పుడితే తానే స్వయంగా బాప్తిస్మం ఇచ్చి జ్ఞానపితగా (గాడ్‌ఫాదర్‌గా) ఉంటానని ప్రకటించాడు. అలా వేలమంది పిల్లలకు ఆయనే జ్ఞానపిత అయ్యాడు. అంతటి ఆయన దీవెన ఇస్తానన్నాక, పల్లెటూరి కోడలు "నాకు మూడోది వద్దు" అని ఎవరి ముందు నోరు విప్పుతుంది చెప్పు? కాగితం మీద హక్కు ఉంది. ఆ హక్కు వాళ్ల గడప దాకా రావాలంటే బురదలో కారు నడుపుకుంటూ ఒక మనిషి రావాలి. ఆ మనిషి నీనా.

ఒక సీను చెప్తాను, గుండె చిక్కబట్టుకుని చదువు. పల్లెలో ఒక ఇల్లు. మాట రాని, చెవులు వినపడని ఒక అమ్మాయి. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి నీనా అబార్షన్ చేస్తుంది. కెమెరా పక్కన పెట్టి ఉంటుంది, అంగుళం కదలదు. అమ్మాయి మొహం కనపడదు, నీనా మొహమూ కనపడదు. నడుము, తొడలు, పనిచేస్తున్న చేతులు, అమ్మాయిని పట్టుకున్న ఇంటిమనిషి చెయ్యి, అంతే. ఆ అమ్మాయి మూలుగు ఒక్కటే వినపడుతూ ఉంటుంది. ఎంతకీ కట్ పడదు. నేను మొదట తల తిప్పుకున్నాను. తర్వాత మళ్లీ చూశాను, ఎందుకంటే ఆ అమ్మాయికి తల తిప్పుకునే వీలు లేదు కదా. రక్తం చూపించి జడిపించాలన్న ఉద్దేశం ఎక్కడా కనపడదు. ఒక పని ఎంతసేపు పడుతుందో అంతసేపూ మనల్ని అక్కడ నిలబెట్టింది, అంతే. మన సినిమాల్లో ఈ విషయం వస్తే ఏం చేస్తారో నీకు తెలుసు. హీరోయిన్ ఏడుస్తుంది, వాన పడుతుంది, తర్వాతి సీన్లో ఆసుపత్రి తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు వెనక ఏముందో ఇన్నేళ్లలో ఎవరూ చూపించలేదు నాకు.

ఇంకోటి, సినిమా మొదట్లో వచ్చే కాన్పు నటన కాదు, నిజం కాన్పే. పైనుంచి తీశారు. ఆ దర్శకురాలు పెరిగింది లగొదేఖి అని అజర్‌బైజాన్ సరిహద్దు పక్కన ఉండే ఊళ్లో. సినిమా తీసిందీ ఆ ప్రాంతంలోనే. ఊరు తెలిసిన మనిషి తీస్తే ఎలా ఉంటుందో ప్రతి ఫ్రేములో తెలిసిపోతుంది. పశువుల సంత, పూసిన చెట్లు, ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివాన, చీకట్లో బురదలో కూరుకుపోయిన కారు. నీనాగా చేసిన ఇయా సుఖితష్విలి మాట్లాడేదే తక్కువ. చాలాచోట్ల ఆమె కనపడదు కూడా, ఆమె ఊపిరి మాత్రం వినపడుతూ ఉంటుంది, మనం ఆమె కళ్లతో చూస్తుంటాం. మధ్యమధ్యలో మొహం లేని, ముడతలుపడిన ఒక ఆకారం వచ్చిపోతూ ఉంటుంది. అది నీనా లోపలి మనిషా, వయసా, భయమా అని సినిమా ఎక్కడా చెప్పదు. నాకైతే అది నీనా ఒంటరితనం అనిపించింది. రెండుంపావు గంటల సినిమా, నిదానంగా నడుస్తుంది. నువ్వు డ్యూటీ దిగి అలిసిపోయి మాత్రం చూడకు.

మన దగ్గర సంగతేమిటని ఆలోచిస్తూ కూర్చున్నాను. మనకు 1971 నుంచే అబార్షన్‌కు చట్టం ఉంది. 2021లో సవరించి కొందరికి గడువు 24 వారాల దాకా పెంచారు. పెళ్లికాని వాళ్లకూ ఆ హక్కు వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం చూస్తే చాలా దేశాల కంటే మనమే నయం. మరి నువ్వు చెప్పిన ఆ కోడలు సంగతి? అత్తగారు బయట బెంచీ మీద కూర్చుంటే, బీపీ చూస్తున్న నీ చెయ్యి పట్టుకుని, "మేడమ్, ఇంకోటి వద్దు, మా ఇంట్లో చెప్పకండి" అందన్నావే, ఆమె. రోజంతా కళ్లముందు మెదులుతూనే ఉంది. నీ గదికి తలుపు ఉంది, ఆ తలుపు వేసి మాట్లాడే మనిషివి నువ్వున్నావు. నువ్వు సెలవు పెట్టిన రోజు అలాంటి ఆమె వస్తే?

ఇదంతా నాకెందుకు ఇంత కోపం తెప్పిస్తోందో చెప్తా విను. 1994లో ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చెయ్యకూడదని రూలు పెట్టారు. మన ఊళ్ల నిండా ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లే. ఆ భారమంతా మోసింది వాళ్లే, మగవాళ్లు ఎందరు చేయించుకున్నారో నీకే బాగా తెలుసు. 2024 నవంబర్లో ఆ రూలు తీసేశారు. ఇప్పుడు పిల్లల్ని ఎక్కువమందిని కనండి అంటున్నారు. అప్పుడు వద్దన్నదీ పైవాళ్లే, ఇప్పుడు కావాలంటున్నదీ పైవాళ్లే. కనేదాన్ని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. అక్కడ చర్చి, ఇక్కడ ప్రభుత్వం, ఇంట్లో అత్తగారు. సినిమాలో నీనా చేసేది ఒక్కటే, ఎదుట ఉన్న ఆడమనిషిని అడుగుతుంది. ఆమె ఏం చెబితే దాన్ని నమ్ముతుంది. కొత్తగా పెళ్లయిన చిన్నపిల్ల ఒకతి వస్తే, ఆ పిల్లకి అప్పుడే తల్లవ్వాలని లేదని అర్థం చేసుకుని గర్భం రాకుండా ఉండే మాత్రలు గుట్టుగా చేతిలో పెడుతుంది. చిన్న సీనే, కానీ నాకు బాగా నచ్చిన సీను అదే.

నీనాని దేవతను చెయ్యలేదు, అది కూడా నచ్చింది. ఆమె బతుకు ఏమంత బాగుండదు. రాత్రుళ్లు రోడ్డు మీద ముక్కూమొహం తెలియని మగాళ్లను కారెక్కించుకుంటుంది, దెబ్బలు కూడా తింటుంది. తోటి డాక్టరు, ఒకప్పుడు ఆమెను ప్రేమించినవాడు, విచారణ అతని చేతిలోనే ఉంటుంది. మంచివాడే. మంచివాడుగా ఉంటూనే ఆపెయ్యమని చెబుతుంటాడు.

చివర ఏమవుతుందో చెప్పను. సంక్రాంతికి నువ్వు వస్తే ఇద్దరం కలిసి చూద్దాం, ఈసారి సెలవు దొరకలేదనకు. చూశాక నువ్వు నాకొకటి తేల్చి చెప్పాలి. బిడ్డ పోయిన ఆ కాన్పులో సిజేరియన్ ఎందుకు చెయ్యలేదని నీనాని పదేపదే అడుగుతారు. తల్లి మామూలు కాన్పే కావాలందని ఆమె అంటుంది. ఆ తల్లికేమో కడుపుతో ఉన్నన్నాళ్లూ ఒక్క చెకప్ కూడా లేదు. అలాంటి కేసు రాత్రిపూట నీ దగ్గరికి వస్తే, ఆమె కోరిక ఎంతవరకు వింటావు, ఎక్కడ ఇక కుదరదంటావు? సినిమా మీద రాసినవి కొన్ని చదివాను గానీ ఈ ప్రశ్నకు జవాబు వాళ్లెవరి దగ్గరా లేదు, నువ్వే చెప్పాలి.

అమ్మకు నమస్కారాలు చెప్పు. వేళకు తిను.

నీ
నేస్తం