పాక్లిటాక్సెల్ చీటీపై ఏ రకమో కూడా రాయాలి

సంపాదకులకు,

నానో మందుల వార్త వచ్చిన ప్రతిసారీ ‘నేరుగా క్యాన్సర్ కణాలకే వెళ్తుంది’ అన్న మాట కనిపిస్తోంది. పాలిమర్ మైసెల్స్ (మందును లోపల ఇముడ్చుకునే పాలిమర్ నానో బంతులు) విషయంలో ఆ మాట రోగులకు లేనిపోని ఆశ పెడుతోంది.

పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు నీళ్లలో దాదాపు కరగదు. పాత ఇంజెక్షన్‌లో దాన్ని క్రెమోఫోర్ (ఆముదంతో చేసే ద్రావకం), ఆల్కహాల్ సగం సగం కలిపి మి.లీ.కు 6 మి.గ్రా. చొప్పున కరిగిస్తారు. తీవ్రమైన అలర్జీ చాలావరకు ఆ క్రెమోఫోర్ పుణ్యమే. ముందుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, యాంటీహిస్టమిన్ అనే అలర్జీ మందు ఇచ్చేది అందుకే. పీవీసీ ట్యూబును మెత్తగా ఉంచే రసాయనాన్ని (ప్లాస్టిసైజర్) కూడా క్రెమోఫోర్ లాగేస్తుంది.

మైసెల్‌తో తప్పేది ఈ బెడద. దక్షిణ కొరియా మైసెల్ రకం పాక్లిటాక్సెల్ అయిన జెనెక్సాల్-పీఎంలో 30 మి.గ్రా. మందుకు 150 మి.గ్రా. పాలిమర్ ఉంటుంది. ఆ పాలిమర్ గొలుసుకు ఒక కొస నీటికి దగ్గరయ్యే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్), మరో కొస నీటికి దూరం జరిగే పాలీలాక్టిక్ ఆమ్లం. ల్యాబ్‌లో మందునూ పాలిమర్‌నూ అసిటోనైట్రైల్‌లో కరిగించి, రోటరీ ఎవాపొరేటర్‌లో ఆవిరి చేస్తే ఫ్లాస్కు గోడకు పలుచని పొర మిగులుతుంది. సుమారు 60 డిగ్రీల నీళ్లు పోసి తిప్పితే గొలుసులు వాటంతటవే 20–50 నానోమీటర్ల బంతులవుతాయి, మందు లోపల చిక్కుతుంది. తర్వాత 0.22 మైక్రాన్ వడపోత, గడ్డకట్టించి ఆరబెట్టి పొడి చేయడం (ఫ్రీజ్ డ్రయింగ్). ఆశకొద్దీ మందు ఎక్కువ పెట్టినా, కలిపాక ఎక్కువసేపు ఉంచినా పాక్లిటాక్సెల్ సూదుల్లాంటి స్ఫటికాలుగా బయటపడుతుంది. ఫిల్టర్‌లో అదే చిక్కుకుని మోతాదు తగ్గిపోతుంది. పొడికి తేమ తగిలితే పాలీలాక్టిక్ గొలుసు తెగుతుంది.

రక్తంలోకి వెళ్లాక అక్కడి ప్రొటీన్లయిన ఆల్బుమిన్, లైపోప్రొటీన్లు ఈ బంతుల్లోంచి మందును చాలా త్వరగానే లాగేసుకుంటాయి. ఎలుకల కణుతుల్లో కనిపించినంత చేరవేత మనుషుల్లో అందరికీ ఉండదు. కొరియాలో రొమ్ము క్యాన్సర్‌పై జరిగిన రెండో దశ ట్రయల్‌లో శరీర ఉపరితలం చదరపు మీటరుకు 300 మి.గ్రా. ఇస్తే సుమారు సగం మందికి చేతులు, కాళ్ల నరాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అలర్జీలూ కొందరిలో కనిపించాయి.

ఇక్కడే అసలు ప్రమాదం. పాత ఇంజెక్షన్‌కు మూడు వారాలకోసారి సాధారణ మోతాదు చదరపు మీటరుకు 175 మి.గ్రా., మూడు గంటలపాటు. మందును ఆల్బుమిన్ ప్రొటీన్‌కు అంటించి తయారుచేసే మరో రకానికి (ఆల్బుమిన్ రకం) చదరపు మీటరుకు 260 మి.గ్రా., అరగంటలో. పాత దానికి లైన్‌లో సన్నని ఫిల్టర్ తప్పనిసరి, ఆల్బుమిన్ రకానికి అలాంటిది పెట్టకూడదు. ఒకదాని లెక్కను మరొకదానికి వాడితే ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి డాక్టర్లు ‘పాక్లిటాక్సెల్’ అని వదిలేయకుండా క్రెమోఫోర్‌దా, ఆల్బుమిన్‌దా, మైసెల్‌దా అన్నది చీటీపై, ఫార్మసీలో కలిపిన సీసాపై కూడా రాయించాలి. రోగి బంధువులు ఆ మాట అడిగితే విసుక్కోకుండా చెప్పాలి. మీ పత్రికలో నానో మందుల కథనం వేసినప్పుడు ఈ తేడానూ ఒక పెట్టె కట్టి ఇవ్వమని కోరుతున్నాం.

– ఫార్మాస్యూటిక్స్ అధ్యాపకులు, వరంగల్