షూటింగ్ రేంజ్‌లలో ఫైబర్ వాడ్ తూటాలనే అనుమతించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

షాట్‌గన్ క్రీడలో హైదరాబాద్‌కు మంచి పేరుంది. మన నగరానికి చెందిన కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ (గాలిలోకి విసిరిన బిళ్లలు దూరమవుతుండగా పేల్చే పోటీ) విభాగంలో వ్యక్తిగత కాంస్యంతో పాటు జట్టు స్వర్ణంలోనూ భాగస్వామి అయ్యారు. అలాంటి నగరంలో సాధన చేసేవారు నేలపై వదిలి వస్తున్న ‘వాడ్’ అనే ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క గురించి, దానికి ప్రత్యామ్నాయంగా అందుబాటులో ఉన్న ఫైబర్ (పీచు) వాడ్ గురించి నాలుగు మాటలు రాయదలచాను. ట్రాప్ సాధన చేసేవారిలో నేనూ ఒకడిని.

షాట్‌గన్ తూటాలో అడుగున తుపాకీ మందు, పైన సీసపు గుళ్లు ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఉండేదే వాడ్. మందు మండినప్పుడు పుట్టిన వాయువు పక్కలకు తప్పించుకోకుండా అడ్డుకొని, ఆ బలాన్ని గుళ్లకు అందించడం దాని పని. పాతకాలపు నాటు తుపాకుల్లో మందు దట్టించి, పైన పీచు కూరి, ఆ తర్వాత గుళ్లు పోసేవారు. ఫైబర్ వాడ్ అదే పద్ధతికి కొనసాగింపు. మొక్కల పీచును గట్టిగా అదిమి బిళ్లలుగా చేసి తూటాలో అమర్చుతారు. ప్లాస్టిక్ వాడ్ అయితే అడుగున వాయువును ఆపడంతో పాటు పైన ఒక గిన్నెలా ఉండి గుళ్లను తనలో ఇముడ్చుకుంటుంది. తుపాకీ గొట్టం దాటగానే దాని రేకులు విచ్చుకుంటాయి, గుళ్లు ముందుకు సాగిపోతాయి, వాడ్ మాత్రం కొద్ది దూరంలోనే నేలపై పడిపోతుంది.

ఒక్కొక్కటి రెండు మూడు గ్రాములకు మించని ఈ ముక్క గురించి ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ట్రాప్ అర్హత పోటీలో ఒక్కో క్రీడాకారుడు 125 క్లే టార్గెట్లను (గాలిలోకి విసిరే బిళ్లలను) ఎదుర్కొంటాడు, ఒక్కోదానికి రెండు తూటాల వరకు పేల్చవచ్చు. అంటే ఒక పోటీ ముగిసేసరికి ఒక్క మనిషి పేరిట 125 నుంచి 250 వాడ్‌ల వరకు నేలపై పడతాయి. ఏడాది పొడవునా సాగే సాధన దీనికి అదనం. ఖాళీ షెల్స్ (పేలిన తూటాల తొడుగులు) మాత్రం కాళ్ల దగ్గరే పడతాయి కాబట్టి వాటిని ఏరి సంచుల్లో వేస్తాం. వాడ్‌లు గడ్డిలోకి, తుప్పల్లోకి పోతాయి. నగర శివార్లలోని ఒక రేంజ్‌లో గడ్డి ఎండిన వేసవిలో చూస్తే, ఏళ్ల తరబడి పడిన తెల్లని, ఎర్రని, పచ్చని వాడ్‌లు నేల కనబడనంతగా పరుచుకొని ఉన్నాయి.

మన నేల తీరు ఈ సమస్యను మరింత పెంచుతోంది. హైదరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల రాతి పరుపుపై మట్టి పలుచగా ఉంటుంది. వాడ్ అందులో పూడుకుపోయే అవకాశం తక్కువ. జూన్‌లో వానలు మొదలవగానే నీటితో పాటు కొట్టుకుపోయి కాలువలకు, అక్కడి నుంచి చెరువులకు చేరుతుంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని రేంజ్‌నే తీసుకుంటే, అదే ఆవరణలో చెరువులున్నాయి, చుక్కల జింకలు, నెమళ్లు తిరుగుతుంటాయి. మేతతో పాటు ప్లాస్టిక్ మింగిన పశువు ఎంత నరకం అనుభవిస్తుందో, పశువైద్యులు దాని కడుపులోంచి ఏమేమి తీస్తున్నారో మన పత్రికల్లో తరచూ చదువుతూనే ఉన్నాం. ప్లాస్టిక్ వాడ్ ఎండకు పెళుసుబారి తునకలవుతుంది తప్ప కుళ్లిపోదు. ఫైబర్ వాడ్ తడి తగిలితే విడిపోయి కాలక్రమంలో మట్టిలో కలిసిపోతుంది, మన వానాకాలం అందుకు చక్కగా తోడ్పడుతుంది.

ఫైబర్‌పై తోటి క్రీడాకారులకు ఉన్న అభ్యంతరాలను నేను తేలికగా తీసుకోను. గిన్నె లేనందున గుళ్లు గొట్టానికి రాసుకుంటూ పోతాయి, కొన్ని రూపు చెడతాయి, చెదురుడు కొంత ఎక్కువవుతుంది. ట్రాప్‌లో మొదటి గుండు తప్పి, దూరమైపోతున్న టార్గెట్‌పై రెండో గుండు పేల్చేవారికి ఆ తేడా నిజంగానే తెలుస్తుంది. స్కీట్ అనే మరో షాట్‌గన్ విభాగం సంగతి వేరు. అక్కడ టార్గెట్లను దాదాపు 20 మీటర్ల దూరంలో కొడతారు, చెదురుడు కొంత ఎక్కువైనా అక్కడ నష్టం లేకపోగా అది ఉపయోగమే. కాబట్టి స్కీట్ సాధనకు ప్లాస్టిక్ వాడ్ అవసరమని వాదించడానికి నాకైతే ఏ కారణమూ కనిపించడం లేదు. ట్రాప్‌లోనూ కొత్తగా నేర్చుకునేవారి గురి తప్పడానికి కారణం నిలబడే తీరు, తుపాకీని భుజానికి ఆనించే తీరు, టార్గెట్ కంటే ఎంత ముందుకు గురిపెట్టాలో తెలియకపోవడం. వారి విషయంలో వాడ్ ప్రస్తావన చాలా తర్వాత వస్తుంది. జాతీయ జట్టు ఎంపిక పోటీలకు సిద్ధమయ్యేవారు, పోటీలో వాడబోయే తూటాతోనే కొంత సాధన చేయవలసి ఉంటుంది కనుక, వారికి మినహాయింపు ఇవ్వడం న్యాయం.

ఇక్కడే సీసం ప్రశ్న కూడా వస్తుంది. వాడ్ మార్చినంత మాత్రాన నేలలో చేరే సీసం తగ్గదు, ఆ విషయాన్ని దాచనవసరం లేదు. సీసానికి బదులు స్టీల్ గుళ్లు వాడదామంటే అవి గట్టివి కాబట్టి గొట్టాన్ని గీరకుండా గిన్నె లాంటి వాడ్ తప్పనిసరవుతుంది, ఆ గిన్నె ఇంతకాలం ప్లాస్టిక్‌తోనే తయారైంది. నీటిలో కరిగే, నేలలో కుళ్లే గిన్నెలను కొన్ని విదేశీ కంపెనీలు ఇప్పటికే మార్కెట్లోకి తెచ్చాయి. అవి మనకు అందుబాటు ధరలో వచ్చేదాకా సీసపు గుళ్లు, ఫైబర్ వాడ్ కలిసిన తూటానే సాధనకు మెరుగని నా అభిప్రాయం. అయితే ‘జీవ విచ్ఛిన్నం’ అని పెట్టెపై అచ్చువేసినంత మాత్రాన నమ్మరాదు. ఎండకు తునకలయ్యే ప్లాస్టిక్‌ను కూడా కొందరు ఆ పేరుతో అమ్ముతారు.

2022 జూలై 1 నుంచి దేశంలో అమలవుతున్న ఏకవినియోగ ప్లాస్టిక్ నిషేధం జాబితాలో స్ట్రాలు, గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు ఉన్నాయి, తూటా వాడ్ లేదు. ఒక్క క్షణం పని చేసి దశాబ్దాలపాటు నేలపై ఉండిపోయే వస్తువు ఆ జాబితా స్ఫూర్తికి లోబడినదేనని నేననుకుంటాను. బ్రిటన్‌లో 2020 ఫిబ్రవరిలో వేట, షూటింగ్ సంఘాలు కలిసి, షాట్‌గన్ వేటలో సీసాన్ని, ఏకవినియోగ ప్లాస్టిక్‌ను అయిదేళ్లలో స్వచ్ఛందంగా మానుకోవాలని పిలుపునిచ్చాయి. గడువులోగా పూర్తి మార్పు రాలేదు. సీసంపై చట్టపరమైన ఆంక్షలను 2025లో ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది. మరోవైపు ‘ఇక్కడ ఫైబర్ వాడ్ తూటాలు మాత్రమే’ అని నిబంధన పెట్టిన క్లే షూటింగ్ మైదానాలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. అక్కడికి వెళ్లేవారు ఆ తూటాలే కొనుక్కొని వెళతారు. నిర్ణయాన్ని ఒక్కొక్క వ్యక్తి మనస్సాక్షికి వదిలేయడం కంటే మైదానం నిర్వాహకులు తీసుకోవడమే ఫలిస్తుందని దీనిని బట్టి నాకు అర్థమైంది.

అందుచేత రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థకు, నగరంలోని రైఫిల్ క్లబ్‌లకు, ప్రైవేటు అకాడమీలకు నా విన్నపం ఇది. స్కీట్ సాధనలోనూ, ప్రారంభ దశలోని ట్రాప్ శిక్షణలోనూ ఫైబర్ వాడ్ తూటాలు తప్పనిసరి చేయాలి. పోటీ తూటాలు ఎక్కువగా విదేశాల నుంచే వస్తాయి, వాటి అనుమతులకు సమయం పడుతుంది కాబట్టి నిబంధనను ముందుగానే ప్రకటించి, ఇప్పటికే క్రీడాకారుల దగ్గర ఉన్న నిల్వ ఖర్చయ్యేందుకు ఒక సీజన్ గడువు ఇవ్వాలి. ఫైబర్ తూటా ధర ఎక్కువ పడితే ఆ తేడాను విద్యార్థి క్రీడాకారుల మీద వేయకుండా రేంజ్ రుసుములో సర్దాలి. ఈలోగా, వాడ్‌లు ఏ మేరలో పడతాయో ప్రతి రేంజ్ సిబ్బందికీ తెలుసు కనుక, ఏటా తొలకరికి ముందు, మే నెలలోనే ఆ మేరనంతా ఏరించి, నీరు బయటికి పోయే కాలువల దగ్గర సన్నని జాలీలు బిగించాలి. ఏరే పనికి మా బోటి క్రీడాకారులను పిలిస్తే తప్పక వస్తాం.

భవదీయుడు,
ఒక ట్రాప్ క్రీడాకారుడు,
తార్నాక, హైదరాబాద్