నేల కింది వేడి కంటే ముందు బట్టీల వేడి

సంపాదకులకు,

అయ్యా,

కేంద్రం 2025లో జాతీయ భూతాప శక్తి విధానాన్ని ప్రకటించాక, లోతుగా బోరు వేస్తే మన సీమలోనూ నేల వేడితో కరెంటు తీయవచ్చునన్న ఆశ అనంతపురం జిల్లాలో పలువురి నోట వింటున్నాను. భౌతికశాస్త్రం బోధించినవాడిగా ఈ విషయంలో కొన్ని సంగతులు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నూరు డిగ్రీలకు చేరని నీటితోనూ విద్యుత్తు తీయవచ్చుననడంలో అబద్ధం లేదు. వేడినీటిని నేరుగా టర్బైనుకు పంపకుండా, తక్కువ వేడికే మరిగే మరో ద్రవాన్ని (పెంటేన్ అయితే 36 డిగ్రీలకే మరుగుతుంది) దానితో ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి, చల్లార్చి మళ్లీ వాడుకుంటారు. అలాస్కాలోని చేనాలో 2006 నుంచి 74 డిగ్రీల నీటితో ఇదే పద్ధతి నడుస్తోంది. తెలంగాణలో మణుగూరు దగ్గర 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం కూడా ఇటువంటిదే.

అయితే చేనాలో చల్లార్చడానికి మంచులాంటి నీళ్లున్నాయి. 74 డిగ్రీల వేడిని 5 డిగ్రీల దగ్గర చల్లార్చితే సిద్ధాంతరీత్యా నూటికి 20 పాళ్ల వరకు శక్తిగా మారవచ్చు. మన వేసవిలోని 40 డిగ్రీల గాలితో చల్లార్చితే ఆ హద్దే 10 పాళ్లకు పడిపోతుంది, యంత్రం నుంచి నిజంగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. పైగా అనంతపురం కింద ఉన్నది చల్లబడిన పురాతన శిల. మన పొరుగున కోలారు గనుల్లో మూడు కిలోమీటర్లు దాటి దిగినా రాతి వేడి సుమారు 65 డిగ్రీలే. వెయ్యి అడుగుల బోరుకే రైతు అప్పులపాలయ్యే ఈ నేలలో, అంత లోతు తవ్వకానికి ప్రజాధనం పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఆ యంత్రానికి తగిన వేడి మన దగ్గర నేల మీదే ఉంది. తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల సిమెంటు కర్మాగారాల బట్టీల్లో కాలి ఉండలుగా వచ్చే క్లింకరును (దీన్ని పొడి చేస్తేనే సిమెంటు) గాలితో చల్లారుస్తారు; అలా వేడెక్కిన గాలిలో కొంత గొట్టాల గుండా బయటికి పోతుంది. తాడిపత్రి దగ్గరి ఒక కర్మాగారంలో ఈ గాలితోనే, ఇదే పద్ధతిలో, 4.8 మెగావాట్ల యూనిట్‌ను చాలా ఏళ్ల కిందటే నెలకొల్పారు. పొద్దు గుంకాక సోలార్ పార్కులు ఆగిపోతాయి గానీ బట్టీ రాత్రింబవళ్లు మండుతూనే ఉంటుంది.

కనుక కడప, అనంతపురం, నంద్యాల జిల్లాల్లోని ప్రతి సిమెంటు కర్మాగారం నుంచి ఎంత వేడి, ఏ ఉష్ణోగ్రత వద్ద వృథాగా పోతున్నదో రాష్ట్ర ఇంధన శాఖ కొలిపించి, ఆ లెక్కలను ప్రజల ముందు పెట్టవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తాడిపత్రి, అనంతపురం జిల్లా