ఒక్క ఫోటో తీయించండి చాలు: దేవాదాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

గుళ్లలో ఉన్న పంచలోహ విగ్రహాలన్నిటికీ ఫోటోలు తీసి కంప్యూటర్లో ఎక్కిస్తామన్నారు, చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కే. ఏం పరిశీలిస్తున్నారండీ?

విగ్రహం పోతే గోల చేస్తాం, కేసు పెడతాం. మా టెన్షన్ దాని గురించి కాదు, అసలుది పట్టుకుపోయి నకిలీది పెడితే ఏంటని. దొరలకు గాంధార దేశపు పాత బుద్ధుడి విగ్రహాల మీద మోజు పుట్టినప్పుడే నకిలీ బుద్ధుళ్లూ పుట్టారు, కొనేవాడుంటే చేసేవాడికి కొదవా? అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని తెలుసు కాబట్టి ఇవాళ్టికీ అడుగుతున్నాం. తమిళనాడు శివపురం వాళ్లకైతే అసలు పోయిందన్న సంగతే తెలీలేదు. 1951లో తవ్వకంలో దొరికిన నటరాజును 1954లో బాగుచేయమని స్థపతికి, అంటే విగ్రహాలు చేసే శిల్పికి ఇస్తే తిరిగొచ్చింది నకలు, ఊరంతా దానికే దండం పెట్టుకుంది. 1965లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే డగ్లస్ బారెట్ గుడిలో ఉన్నది నకలని తన పుస్తకంలో రాస్తేగానీ గుట్టు బయటపడలేదు. అయినా 1973లో నార్టన్ సైమన్ అనే అమెరికా ఆయన ఆ అసలు విగ్రహాన్ని 9 లక్షల డాలర్లకు కొనేశాడు, మన దేశానికి తిరిగొచ్చేసరికి 1986.

మా గుడి రిజిస్టర్లో ఏముందో తెలుసా? "పంచలోహ విగ్రహం - 1", పక్కన బరువు. అంతే. మైనపు అచ్చు పోసేవాడికి ఆ బరువు తెప్పించడం ఎంతసేపు? స్వామివారి కుడిచేతి చిటికెన వేలు కొస కాస్త అరిగి ఉంటుంది, అభిషేకం రోజు పట్టుబట్టలు తీస్తే తప్ప కనపడదు, ఆ గుర్తు మా అర్చకులకు ఒక్కరికే తెలుసు, ఆయనకేమో చూపు ఆనడం లేదు. ఆయన తర్వాత ఎవర్ని అడగాలి, మిమ్మల్నా?

తమిళనాడు శ్రీపురందాన్ గుడిలోంచి దొంగలెత్తుకెళ్లిన నటరాజు 2014లో ఆస్ట్రేలియా నుంచి వచ్చాడంటే పుదుచ్చేరి ఫ్రెంచ్ సంస్థ వాళ్లు ఎప్పుడో తీసిపెట్టిన ఫోటో సాక్ష్యం పలికింది. మనకు ఫోటోలు కరువా? ఉత్సవాల ఫ్లెక్సీల మీద మీ ఫోటో దేవుడి కంటే పెద్దదే పడుతోందిగా, కోపం తెచ్చుకోకండి, ఉన్నమాటే.

దయచేసి తీయించండి. అన్ని వైపుల నుంచీ, అలంకారం లేకుండా తీయించండి. డబ్బుల్లేవంటారా, ఫోటోగ్రాఫర్‌ని మేమే మాట్లాడుకుంటాం, చందాలేసుకుంటాం. పర్మిషన్ కాగితం మీద సంతకం ఒక్కటి పెట్టించండి, అదీ కుదరకపోతే మా అర్జీ ఏ టేబుల్ మీద ఉందో అన్నా చెప్పించండి.

ఇట్లు,
ఒక గ్రామస్థుడు