దెబ్బలు లేవు కదా అంటారు

సంపాదకులకు నమస్కారం. మీ పేపర్లో గృహహింస వార్త వస్తే పక్కనే కమిలిన మొహం బొమ్మ ఒకటి వేస్తారు. అది చూసీ చూసీ జనానికి కూడా దెబ్బ కనబడకపోతే హింసే లేదన్న నమ్మకం కుదిరిపోయింది. నేను నాలుగేళ్ళ పాపను తీసుకుని తెనాలిలో మా పుట్టింటికి వచ్చేసినప్పుడు నాన్న, పెద్దమనుషులు, తర్వాత పోలీస్ స్టేషన్లో కౌన్సెలింగ్ చేసినావిడ అడిగింది ఒకటే. "ఒక్క దెబ్బయినా వేశాడా అమ్మా?"

వెయ్యలేదు. తాగడు కూడా. కానీ కోపమొస్తే వారాల తరబడి నాతో మాట్లాడడు, అనాలనుకున్నదంతా పాపతో అనిపిస్తాడు. "ఈ కూర ఎవరి కోసం వండిందో మీ అమ్మనడుగు", "మీ అమ్మకి మెంటల్ అని చెప్పు పో". ఆ పిల్ల హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతూ ఆ మాటలు మోసుకొచ్చేది, నా మొహం చూడకుండా చెప్పేసి వెళ్ళిపోయేది. జీతం పడగానే నా ఏటీఎం కార్డు ఆయన చేతిలో ఉండాలి, అమ్మకి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాలి, ఎదురు చెబితే "పోతే పో, పాపని మాత్రం మళ్ళీ చూడలేవు". ఇదంతా చెబితే కౌన్సెలింగ్ ఆవిడ, ఏ ఇంట్లోనైనా ఉండేవేనమ్మా, పాప మొహం చూసి సర్దుకుపో అంది. పాప మొహం చూసే కదండీ వచ్చేశాను!

2005 గృహహింస చట్టం మూడో సెక్షన్లో అవమానించడం, ఎగతాళి చేయడం, డబ్బు చేతికి రానివ్వకపోవడం కూడా హింసే అని ఉంది. కొడితేనే కేసైతే అవన్నీ అక్కడ ఎందుకు రాసినట్టు? ఈ సంగతి చెప్పింది న్యాయ సేవాధికార సంస్థ నాకు ఇచ్చిన లాయరు మేడమ్. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇస్తారు. కేసు కూడా భర్త ఉండే ఊళ్ళోనే వెయ్యక్కర్లేదు, మనం తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులో వెయ్యొచ్చు. పాపని లాక్కుపోతాడేమో అన్న టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు. కేసు నడుస్తుండగా బిడ్డను తల్లి దగ్గర ఉంచమని ఆ కోర్టే ఆర్డరు ఇవ్వగలదట, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కూడా ఐదేళ్ళు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుందట. 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని కూడా చట్టంలో ఉంది కానీ, వాయిదాలు చూస్తుంటే నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

నా గోడు వినమని కాదు ఈ ఉత్తరం. అదే చట్టం ఐదో సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుతో వచ్చిన మనిషికి ఇలాంటి కేసుల్లో సాయపడే రక్షణ అధికారి ఉంటారని, ఉచిత లాయరు దొరుకుతుందని, కోర్టుకి వెళ్ళే హక్కుందని చెప్పడం పోలీసుల బాధ్యత. నాకు ఎవరూ చెప్పలేదు. రాజీ తర్వాత, ముందు ఆ నాలుగు ముక్కలూ చెప్పి, చెప్పినట్టు రాసి సంతకం పెట్టించే పద్ధతి ప్రతి స్టేషన్లో ఉండాలి. ఈలోగా మీరైనా ఇలాంటి వార్త వేసినప్పుడల్లా కింద మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లు వెయ్యండి. బయటికి రావాలనుకునే వాళ్ళు పాప బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు, తమ చదువు సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు ముందే తీసి పెట్టుకోవాలని కూడా రాయండి. నా సర్టిఫికెట్లు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయి, వాటి కోసం కోర్టులో వేరే అర్జీ పెట్టాల్సి వచ్చింది.

(దయచేసి నా పేరు వెయ్యొద్దు)
- ఒక పాఠకురాలు, తెనాలి