రిటైర్‌మెంట్ డబ్బుకు బ్యాంకులోనే గాలం

సంపాదకులకు,

గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి. పీఎఫ్, గ్రాట్యుటీ ఖాతాలో పడ్డాయో లేదో, బ్యాంకు నుంచి ఫోన్ వచ్చేస్తుంది. కుర్చీ వేసి, టీ ఇచ్చి, ‘ఎఫ్‌డీ లాంటిదే సార్, ఇంకా ఎక్కువే వస్తుంది’ అని సంతకాలు పెట్టించుకుంటారు. మా బావగారికీ ఇలాగే అంటగట్టారు. ఇంటికొచ్చాక చూస్తే అది యూలిప్ పాలసీ, అంటే బీమాతో పాటు మన డబ్బును మార్కెట్‌లో పెట్టేది. ఏటా ప్రీమియం కట్టాలి, అయిదేళ్ల దాకా డబ్బు తీయడానికి లేదు. జీతం ఆగిపోయిన మనిషి ఏటా రెండు లక్షలు ఎక్కణ్నుంచి తెస్తాడో అమ్మినవాళ్లే చెప్పాలి!

పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే, కోతలు పోను మిగతాది వెనక్కివ్వాలి. ఆ మాట మాత్రం అమ్మేటప్పుడు నోట రాదు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉంది. 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. కరెంటు బిల్లుకూ మందులకూ అక్కరకొచ్చేది అదీ.

బీమా అమ్మే ప్రతి బ్రాంచిలో ‘ఇది డిపాజిట్ కాదు’ అని తెలుగులో పెద్దక్షరాలతో బోర్డు పెట్టించాలని బ్యాంకు అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం