పారబోసిన పాలు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా అమ్మాయికి ఏడో నెలలోనే కాన్పయింది. బిడ్డ కిలోన్నర కూడా లేదు, తల్లికి పాలు పడలేదు. నెల్లూరులో మేమున్న ఆసుపత్రిలో డబ్బాపాలు రాశారు. పక్క మంచం మీద గూడూరు పిల్ల రొమ్ములు రాయిలా గట్టిపడి, నొప్పికి ఓర్చుకోలేక స్టీలు గ్లాసులోకి పిండి, తొట్లో పారబోసేది. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది. పరీక్ష చేయని పాలు పట్టకూడదంది నర్సమ్మ. అదీ నిజమే.

ముంబై సయాన్ ఆసుపత్రిలో 1989లోనే తల్లిపాల బ్యాంకు పెట్టారు. పాలు దానమిచ్చే తల్లికి రక్తపరీక్ష చేస్తారు. పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలుంచి, చల్లార్చి, ఫ్రీజర్‌లో దాస్తారు. బ్రెజిల్‌లో ఇలాంటి బ్యాంకులు 200 పైనే. నెలతక్కువ బిడ్డల్ని చూసే ప్రతి ఆసుపత్రికీ ఈ పాలు అందేలా చూడండయ్యా. గూడూరు పిల్ల ఇస్తాననే అంది.

– ఒక అమ్మమ్మ, కావలి